రెండుసార్లు రాసిన పరీక్ష

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒక రోజు భర్త ఎవరిదో మేడమెట్ల మీద, భుజాన నీళ్ళ డబ్బాతో సహా కూలబడిపోతాడని. ఆ సంగతి ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్ చేసి చెబుతారని. అందుకే ఆ మంగళవారం ఉదయం ఆయన వేళకాని వేళలో ఇంటికొచ్చి, గుమ్మంలోనే గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోతే, ఆమె చేతిలో పని వదిలేసి ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

"ఏం లేదు. మూడో అంతస్తు దగ్గర ఇక్కడ పట్టేసినట్టయింది," అన్నాడు, అరచేత్తో ఛాతీ మధ్య రాసుకుంటూ. "గ్యాస్ అయ్యుంటుంది."

"గ్యాసయితే చెమటలెందుకు పడతాయిరా?" అత్త బిడ్డను చంకనేసుకుని గదిలోంచి వచ్చింది. "ఇంట్లోనే ఉన్నాడు పెద్ద డాక్టరు! ఊళ్ళోవాళ్ళు అనవసరంగా ఆసుపత్రి కట్టుకున్నారు. నడు. పిల్లని నేను చూసుకుంటా. ఏమే, నువ్వలా గుడ్లప్పగించి చూడకుండా సంచీలో వాడికో చొక్కా పెట్టు."

ఆమె చొక్కా పెట్టింది. ఆరోగ్య కార్డు పెట్టింది. ఆ నెల కూలి ఉన్న డబ్బా అలాగే మూతతో సహా పెట్టింది.

పెద్దాసుపత్రిలో ఛాతీ నొప్పివాళ్ళకు వేరే వరుస ఉంది. వరుసయితే వేరేగానీ బల్లలు చాలక అందరూ నిలబడే ఉన్నారు. ఈసీజీ తీసినతను ఆయన ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, తీగలు అతికించి, పొడవాటి కాగితం చింపి చేతికిచ్చాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర చాలనట్టుంది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"గంటయిందండి."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడు లేదండి. కొంచెం బరువుగా ఉంది."

డాక్టరమ్మ కంప్యూటరులో ఏవో నొక్కింది. పక్కనున్న యంత్రం చీటీని బయటికి తోసింది. "ఇవి చేయించుకుని రిపోర్టులు పట్టుకురండి," అంది. అప్పటికే వెనకవాళ్ళు స్టూలు అంచున కూర్చునేశారు. వాళ్ళు కూర్చోవడానికి ఈయన లేవాల్సి వచ్చింది.

డబ్బు కట్టే కిటికీ దగ్గర వరుస మెట్లదాకా ఉంది. ఆయన్ను గోడవారగా కూర్చోబెట్టి ఆమె నిలబడింది. నిలబడ్డంతసేపూ చీటీనే చూసింది.

ఆమె పనిచేసేది పుస్తకాల బైండింగు షాపులో. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసింది, ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపితే తెలియవు. అయినా ఆ షాపులో ఆమెను మించిన కన్ను లేదు. ఫారాలనే మడిచిన అచ్చుకాగితాల కట్టలను వరుసగా పేర్చి, కుట్టుకు పంపేముందు ప్రతి పుస్తకం వీపునూ బొటనవేలితో పైనుంచి కిందికి రాసి చూడటం ఆమె పని. ఒక ఫారం తప్పినా, ఒకే ఫారం రెండుసార్లు పడినా ఆ వేలు ఆగిపోతుంది. పుస్తకంలో ఏముందో ఆమెకు అక్కర్లేదు. ఒకే మొహం రెండుసార్లు కనిపించిందంటే ఒకటి లాగి పక్కన పడెయ్యాలి, అంతే. మేస్త్రీ ఆమెకు డేగ అని పేరు పెట్టాడు. ఇంట్లో కూడా మురిపెం వచ్చినప్పుడు డేగ అనే పిలుస్తారు.

చీటీలో ఐదు వరుసలున్నాయి. ఆమె బొటనవేలు మూడో వరుస మీద ఆగింది. తర్వాత ఐదో వరుస మీద ఆగింది. అక్షరం పక్కన అక్షరం పెట్టి చూసుకుంది. అవే అక్షరాలు, అంతే పొడవు. చివర చిన్న అంకె మాత్రం వేరుగా ఉంది. వరుస సంఖ్య అయ్యుంటుందనుకుంది.

కిటికీలో గుమాస్తా మొత్తం ఎంతో చెప్పాడు. అది ఆమె పదకొండు రోజుల కూలి.

ఆమె కార్డు తీసి కిటికీలోంచి లోపలికి తోసింది. అతను దాన్ని చూడకుండానే మళ్ళీ ఇవతలికి తోశాడు.

"ఇది ఓపీ కదమ్మా. బెడ్డు మీద పడుకుంటేనే కార్డు పనిచేస్తుంది. నిలబడున్నవాళ్ళకి పనిచెయ్యదు."

"పడుకోవాలో వద్దో ఎలా తెలుస్తుందండి?"

"ఈ పరీక్షలు చేస్తే తెలుస్తుంది."

"వీటికి డబ్బు కట్టాలి."

"కట్టాలి."

"పడుకున్నాక చేస్తే?"

"అప్పుడు కట్టక్కర్లేదు."

"అయితే నేనిక్కడే పడుకుంటా నాయనా, నామీంచి దాటి పోండి," అంది వెనకనుంచి ఒక గొంతు. వరుసలో నలుగురు నవ్వారు. డేగ తిరిగి చూసింది. ఒక ముసలాయన. మొలకు తాళంచెవుల గుత్తి, గోళ్ళ సందుల్లో ఇనప నలుపు. పక్కనే గుడ్డసంచీ పట్టుకుని ఆయన భార్య. ఆయన ఎడమ భుజాన్ని కుడిచేత్తో పిసుక్కుంటూనే నవ్వుతున్నాడు.

ఆ నవ్వు చూసేసరికి డేగకు ధైర్యం వచ్చింది. చీటీని కిటికీ గాజుకు అదిమిపెట్టింది. "ఇది చూడండి. మూడోది, ఐదోది ఒకటే. ఖరీదు ఎక్కువున్నది కూడా అదే. ఒకే పరీక్ష రెండుసార్లు రాశారు."

"డాక్టరుగారు రాసిందమ్మా."

"డాక్టరు చేత్తో రాయలేదండి, మిషన్ కొట్టింది. మిషన్లకి డబుల్ పడటం మా షాపులో రోజూ ఉండేదే."

గుమాస్తా ఆమె తల మీదుగా వరుసలోకి చూశాడు. వరుస ఇంకా పెరిగింది. "నాకు తెలీదు తల్లీ. వద్దంటే తీసేస్తా. మాకు వద్దని ఇక్కడ సంతకం పెట్టు."

ఆమె పెట్టింది. అతను స్కేలు కూడా పెట్టుకోకుండా ఐదో వరుస మీద పెన్నుతో ఒక గీత గీశాడు. ఐదు రోజుల కూలి మిగిలింది.

పక్కకు జరగబోతుంటే ముసలామె ఆమె కొంగు పట్టుకుంది. "మాదీ చూడవే తల్లీ. నీకు పుణ్యముంటుంది. మాకు కళ్ళూ లేవు, చదువూ లేదు."

డేగ చూసింది. చూడటానికి ఎంతసేపు పట్టిందంటే, షాపులో ఒక పుస్తకానికి పట్టేంతసేపు. "ఇదీ, ఇదీ, పిన్నీ. అచ్చు మాకు పడ్డట్టే మీకూ పడింది. ఇది తీసెయ్యమనండి."

"విన్నావా?" ముసలామె భర్తను మోచేత్తో పొడిచింది. "ఆ అమ్మాయి చూడకపోతే నిండా మునిగేవాళ్ళం."

"అమ్మాయీ, నువ్వు తాళంచెవి లేకుండానే తాళం తీశావే!" అన్నాడు ముసలాయన. "మీ ఇంట్లో తాళం మొరాయిస్తే చెప్పు, ఊరికే చేసిపెడతా."

"మాది రోజూ మొరాయిస్తుంది తాతా," అన్నాడు ఆమె భర్త గోడవారనుంచి. అందరూ నవ్వారు. గుమాస్తా కూడా నవ్వుతూనే ఆ ముసలాయన చీటీ మీద అలాంటి గీతే గీశాడు.

రిపోర్టులు వచ్చేసరికి డాక్టరమ్మ గది మూసేశారు. ఓపీ ఒంటిగంట దాకానట. కాగితం ఇచ్చినతను దాని మీద వేలు పెట్టి, "అంతా హద్దు లోపలే ఉంది. నార్మల్," అన్నాడు. ముసలాయనకూ అదే మాట చెప్పాడు. ఆ మాట విని ముసలామె ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చి, వెంటనే మొహం తుడుచుకుని, సంచీలోంచి రెండు అరటిపళ్ళు తీసి డేగ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం అత్త వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగింది. "మా కోడలు డేగమ్మా, డేగ! పెద్దాసుపత్రి తప్పునే పట్టేసుకుంది!"

మర్నాడు రిపోర్టు చూపించాలి. ఆయన రానన్నాడు. "డాక్టరుకి కావాల్సింది కాగితం. నార్మల్ మనిషిని చూసి ఏం చేస్తుంది?" అంటూ నీళ్ళ డబ్బాల వ్యాను వచ్చిన చప్పుడికి బయటికి నడిచాడు. ఆమె వద్దనలేదు. ఒక పూట కూలి ఎందుకు పోగొట్టుకోవాలని తనూ అనుకుంది. షాపులో గంట అనుమతి అడిగి ఒక్కతే వెళ్ళింది.

డాక్టరమ్మ కాగితం చూసింది. వెనక్కి తిప్పి చూసింది. "రెండోది ఏది?"

"అది ఒకటే రెండుసార్లు పడింది కదా మేడం." డేగ గొంతులో ఆవగింజంత గర్వం ఉంది. ఆ గర్వం తర్వాత చాలా రోజులు ఆమె చెవిలో గుచ్చుకుంటూ ఉండిపోయింది. "నేనే తీయించేశాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"అది పొరపాటున పడింది కాదమ్మా. గుండె దెబ్బతింటే రక్తంలోకి ఒక పదార్థం వస్తుంది. వెంటనే రాదు, కొన్ని గంటలు పడుతుంది. మీవాళ్ళు నొప్పి వచ్చిన గంటకే వచ్చారు. అప్పుడు ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే మూడు గంటల తర్వాత మళ్ళీ అదే పరీక్ష చెయ్యాలి. మొదటిదాని పక్కన రెండోది పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఒక్కటి చూసి బాగుందని చెప్పలేం." ఆగింది. "ఆయనేరి?"

"పనిలో ఉన్నాడు."

"ఏం పని?"

"నీళ్ళ డబ్బాలు మోస్తాడు. మేడమెట్లు..."

డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఫోన్ చెయ్యి. మెట్లెక్కద్దని చెప్పు. ఎక్కడున్నాడో అక్కడే కూర్చోమను."

ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఆమె పరిగెత్తింది. బుధవారం ఆయన ఏయే వీధుల్లో తిరుగుతాడో ఆమెకు తెలుసు. మొదటి వీధిలో వ్యాను లేదు. రెండో వీధిలో పాలరంగు మేడ ముందు ఉంది, తలుపులు బార్లా తెరిచి. డ్రైవరు సీటులో ఆయన ఫోన్ మోగుతూ, మోగుతూ, ఆమె చూస్తుండగానే ఆగిపోయింది.

మెట్లు ఎన్నెక్కిందో తెలియదు. రెండో అంతస్తు మలుపులో ఆయన వీపు కనిపించింది. భుజం మీద డబ్బా. కాలు పై మెట్టు మీద పెట్టి, ఊపిరి కోసం ఆగి ఉన్నాడు. పిలిస్తే తిరుగుతాడు, తిరిగితే తూలతాడు. ఆమె పిలవలేదు. రెండు మెట్లు ఒక్కసారే ఎక్కి, డబ్బా అడుగున రెండు చేతులూ పెట్టి బరువు పట్టుకుంది.

"ఎవరూ?" అన్నాడాయన.

"దించు బావా. మెల్లగా. నా చేతుల మీదకి దించు."

"ఏంటే ఇది? నువ్వెందుకు..."

"దించమన్నానా!"

ఎప్పుడూ వినని ఆ గొంతుకు ఆయన దించేశాడు. అప్పుడు చూసిందామె, ఆయన పెదాల రంగు. "మళ్ళీ వచ్చిందా?" అంటే తలూపాడు. "నార్మల్ అన్నారు కదా, అందుకే పట్టించుకోలేదు," అన్నాడు.

ఈసారి పరీక్షకు ఆమె ఒక్క మాట మాట్లాడకుండా ఐదు రోజుల కూలి కట్టింది. నిన్న అతి తక్కువ ఉన్న అంకె ఇవాళ ముప్పై రెట్లుంది. అంకె చూడగానే చక్రాల మంచం వచ్చింది. ఆయన దాని మీద పడుకున్నాడు. పడుకున్నాడు కాబట్టి కార్డు పనిచేసింది. మణికట్టు దగ్గర్నుంచి తీగ పంపి, మూసుకుపోతున్న నాళాన్ని తెరిచారు. దానికి పైసా అడగలేదు. పడుకున్నాక రక్తం ఎన్నిసార్లు తీశారో లెక్కేలేదు, ఏ చీటీ మీదా ఎవరూ ఏ గీతా గీయలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చోగలిగాడు. ఆమె గిన్నెలో జావ పట్టుకుని చెంచాతో తాగిస్తోంది. అత్త మంచం చివర బిడ్డను ఆడిస్తోంది.

"దీన్ని ఏమీ అనకురా," అంది అత్త. కోడలు రెండు రోజుల్నుంచి ఎవరి మొహంలోకీ చూడటం లేదని ఆమె గమనించింది. "రాసినావిడ చెప్పలేదు, కొట్టేసినవాడు అడగలేదు, వీధివీధీ తిరిగి డప్పు కొట్టుకున్నదాన్ని నేను. తిలాపాపం తలా పిడికెడు."

"నేనేమన్నానే అమ్మా? ఇది రాకపోతే ఆ మెట్ల మీదే ఉండేవాణ్ణి." ఆయన జావ మింగి, మామూలుగా అన్నాడు. "ఆ తాళాల తాత ఏమయ్యాడో. ఆయన్ని రమ్మంటే మన తాళం చూసేవాడు."

చెంచా ఆయన నోటిదాకా వెళ్ళలేదు. గాలిలోనే ఉండిపోయింది. జావ బొట్టు బొట్టుగా దుప్పటి మీద పడుతున్నా ఆమెకు తెలియలేదు.

మూడు రోజులు. మూడు రోజులుగా ఆ ముసలాయన సంగతి ఆమెకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. తన మనిషి, తన మనిషి అని కొట్టుకుపోయింది. తన వేలితో, తన ఈ వేలితో చూపించింది కదా, ఇదీ, ఇదీ అని!

"ఏమైందే?" అంటున్నాడాయన. ఆమె గిన్నె అత్త చేతిలో పెట్టి లేచింది.

డాక్టరమ్మ వరండాలోనే దొరికింది. డేగ చెప్పిందంతా విని చేతిలో ఫైలు మూసింది. "నేను చెప్పుండాల్సింది. ఆ పూట నూట పది మంది ఉన్నారు," అంది. తర్వాత గబగబా, "ఇప్పుడు చేసినా తెలుస్తుంది. వారం పది రోజుల దాకా రక్తంలో ఉంటుంది. తీసుకురా. నిలబడున్నా సరే, పడుకున్నా సరే, డబ్బు సంగతి నేను చూసుకుంటా. ముందు మనిషిని తీసుకురా."

కిటికీ దగ్గర గుమాస్తా, "పేషెంట్ల వివరాలు బయటికి ఇవ్వకూడదమ్మా," అన్నాడు. ఆమె చెప్పడం ముగించేసరికి అతని చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి వెళ్ళింది. మంగళవారం జాబితాలో, ఆమె భర్త పేరు కిందే ముసలాయన ఉన్నాడు. చిరునామా ఉండాల్సిన చోట ఊరి పేరొక్కటే ఉంది. నంబరు ఉంది. గుమాస్తా తన ఫోన్‌లోంచే నొక్కాడు. ఆ నంబరు వాడుకలో లేదని చెప్పింది ఫోన్. అంకె ఏదైనా తప్పు పడిందేమోనని అతను మళ్ళీ నొక్కాడు. వరుసలోవాళ్ళు అరుస్తున్నారు. మూడోసారి నొక్కాడు.

"నేను కూడా కొట్టేశాను కదమ్మా," అన్నాడు, ఫోన్ కింద పెట్టకుండా.

శుక్రవారం సగం, శనివారం మొత్తం ఆమె తాళాలు బాగుచేసేవాళ్ళను వెతుక్కుంటూ తిరిగింది. ఆ ఊళ్ళో అంతమంది ఉన్నారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. బస్సు స్టాండు గోడ కింద ఒకతను, సామాన్ల కొట్ల సందులో ఇద్దరు అన్నదమ్ములు, పోస్టాఫీసు ఎదురుగా సైకిలు మీదే దుకాణం పెట్టుకున్న కుర్రవాడు. ఎవరూ ఆయన కాదు. "నవ్వుతూ మాట్లాడతాడు, ఎడమ భుజం పిసుక్కుంటూ ఉంటాడు," అంటే, "ఓ, పెద్దాయనా? పాత సినిమాహాలు పక్కన," అన్నాడు ఆ కుర్రవాడు.

పాత సినిమాహాలు పక్కన మడిచిన గొడుగు ఒకటి గోడకు కట్టేసి ఉంది. కింద చెక్కపెట్టె, దానికి తాళం. పక్కన చెప్పులు కుట్టే అతను సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తాడు.

"పెద్దాయనా? లేడమ్మా. బుధవారమే వెళ్ళాడు, కూతురింటికి."

"ఎలా ఉన్నాడు? ఒంట్లో ఎలా ఉంది?"

"దివ్యంగా ఉన్నాడు! ఏదో నొప్పని ఆసుపత్రికి పోతే ఏమీ లేదని తేలిందట. పైగా ఎవరో మహాతల్లి పరీక్ష ఒకటి తగ్గించిందట. ఆ డబ్బుతోనే ఇద్దరికీ బస్సు టిక్కెట్లు తీశాడు. ఎన్నేళ్ళనుంచో పోదాం పోదాం అంటోంది ఆ ముసలామె. పాపం, మనవణ్ణి ఇంతవరకూ చూడనే లేదు."

డేగ అక్కడే, గొడుగు కింద, మట్టిలో కూర్చుండిపోయింది.

"ఏ ఊరు?" అంది.

చెప్పులు కుట్టే అతను దారం కొరికి ఆలోచించాడు. "చెప్పాడేమో. నేనే చెవిన వేసుకోలేదమ్మా. దూరమే. రెండు బస్సులు మారాలన్నాడు. ఇల్లు నాలుగో అంతస్తులోనట, గాలి బాగా వస్తుందని ఒకటే మురిసిపోయాడు. ఏమ్మా, ఏమైంది? నీకేమవుతాడు?"

ఏమవుతాడో ఆమె చెప్పలేకపోయింది. సంచీలోంచి పెన్ను తీసి, ఆసుపత్రి నంబరు, తన నంబరు అతని చెప్పుల పెట్టె మూత మీద పెద్దగా రాసింది. కింద ఒకసారి, పైన ఒకసారి, చెరిగిపోకుండా రెండుసార్లు రాసింది.

ఆ తాళాల ముసలాయన ఏ ఊళ్ళో ఉన్నాడో ఇంకా తెలియలేదు. మీ ఊరే కావచ్చు. మీ వీధిలో, మీ మేడమీద, ఎవరింటికైనా ఈమధ్య అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఒక్కసారి తలుపు తట్టండి. గోళ్ళ సందుల్లో ఇనప నలుపున్న ముసలాయన తలుపు తీస్తాడు. బాగున్నారా అంటే నవ్వుతాడు, జేబులోంచి కాగితం తీసి నార్మల్ అని చూపిస్తాడు. ఆ కాగితం నమ్మకండి. దాంతో కలిపి మడిచిన చీటీలో ఒక వరుస మీద పెన్నుతో గీసిన గీత ఉంటుంది, అది చూడండి. ఆయన్ను మెట్లు దిగనివ్వకండి, కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించండి. దించాక నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇవాళే వెళ్ళి చూడండి.